మనసు సంగతి వదిలెయ్, నిమిషం రాయి

హారో, లండన్,
ఆదివారం రాత్రి

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

టీవీ వార్తల మీద నువ్వు రాసి పంపిన ఫిర్యాదు రెండుసార్లు చదివాను. మీ పెదనాన్నకి కూడా వినిపించాను. ఆయన కళ్లజోడు తీసి, "బానే ఏకిపారేశాడు, ఇంతకీ ఎవర్ని?" అన్నారు. నాకూ అదే అర్థం కాలేదు. మూడు పేజీల్లో "ఈ దేశంలో మీడియా అంతా అమ్ముడుపోయింది" అని నాలుగుసార్లు ఉంది. అది ఏ ఛానెలో, ఏ రోజో, ఎన్ని గంటలకి వచ్చిందో ఎక్కడా లేదు. నీకు న్యాయం చేద్దామని నిజంగా అనుకున్నవాడు మాత్రం ఏ రికార్డింగు తీసి చూడాలిరా?

కొత్తలో నేనూ ఇలాగే రాశాను. ఇక్కడికి వచ్చే విదేశీ విద్యార్థుల గురించి ఓ పేపరు ఐదేళ్ల మొత్తాన్ని ఒక్క ఏడాది అంకెగా వేసింది. నాలుగు పేజీలు దంచాను. తెల్లవాళ్ల పాలన, కోహినూరు వజ్రం, ఏదీ వదల్లేదు. మీ అభిప్రాయం సంపాదకులకు చేరవేశాం అని రెండు లైన్ల జవాబొచ్చింది. వారం పోయాక ఆ కటింగు ముందేసుకుని, స్కేలు పెట్టి, ఒకే ఒక్క వాక్యం కింద ఎర్ర గీత గీశాను. "ఏడో పేజీ, మూడో పేరా. ఇది ఒక్క ఏడాది లెక్క కాదు, ఐదేళ్లది. ప్రభుత్వ పట్టిక జత చేస్తున్నాను." అంతే రాశాను. మూడు వారాలకి రెండో పేజీలో సవరణ పడింది. తపాలా బిళ్లంత ఉంది, నిజమే. పడింది కదా! మీ పెదనాన్న దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించారు.

అప్పట్నించీ వాళ్ల మనసులో ఏముందో నేను రాయను. ఏం చూపించారు, ఏం రాశారు, అసలు జరిగింది ఏమిటి, ఇంతవరకే.

ఇలా ఎందుకంటున్నానో రెండు సంగతులు చెప్తాను. 2015 నవంబరులో పారిస్ ఉగ్రవాద దాడులయ్యాక అప్పటి ప్రతిపక్షం లేబర్ పార్టీ నాయకుడు జెరెమీ కోర్బిన్‌తో బీబీసీ పొలిటికల్ ఎడిటర్ లారా కూన్స్‌బర్గ్ ఇంటర్వ్యూ చేసింది. బ్రిటన్ వీధుల్లో కాల్చి చంపమని ఆదేశాలివ్వడానికి మీరు సిద్ధమేనా అని పారిస్ ఊసెత్తకుండా, సాధారణంగా ఒక ప్రశ్న అడిగింది. ఆ విధానం మొత్తమ్మీద నాకు ఇష్టం లేదు, ప్రమాదకరం అన్నాడాయన. సాయంత్రం 6 గంటల వార్తల్లోకి వచ్చేసరికి ఆ జవాబు వేరే ప్రశ్నకి అతుక్కుంది. పారిస్‌లో జరిగినలాంటి దాడే ఇక్కడ జరిగితే పోలీసులు ట్రిగ్గరు నొక్కడం మీకు సమ్మతమేనా అని అడిగితే ఆయన అలా అన్నట్టు వచ్చింది. ఒక ప్రేక్షకుడు పట్టుబట్టాడు. చివరికి 2017 జనవరిలో, అప్పట్లో బీబీసీ మీద అజమాయిషీ చేసే బీబీసీ ట్రస్టు, ఆ కథనంలో కచ్చితత్వమూ నిష్పాక్షికతా రెండూ దెబ్బతిన్నాయని తేల్చింది. కావాలని చేసిందనడానికి ఆధారం లేదని కూడా అదే ట్రస్టు చెప్పింది. ఆ ప్రేక్షకుడు గనక "ఆవిడ అధికారపక్షం కన్జర్వేటివ్‌ల మనిషి" అని వాదించి ఉంటే ఓడిపోయేవాడు. జవాబు ఒకచోటిది, ప్రశ్న ఇంకోచోటిది అన్నాడు కాబట్టి గెలిచాడు.

రెండోది మొన్నటిది, నీకూ తెలుసు. 2024 అక్టోబరులో వచ్చిన బీబీసీ పనోరమా కార్యక్రమంలో ట్రంప్ 2021 జనవరి 6న చేసిన ప్రసంగం చూపించారు, ఆయన మద్దతుదారులు అమెరికా పార్లమెంటు భవనం కాపిటల్ మీద పడ్డ రోజుది. కాపిటల్‌కి నడుద్దాం అన్న ముక్క ఒకచోట, గట్టిగా పోరాడదాం అన్న ముక్క ఇంకోచోట. ఆ రెంటికీ మధ్య 50 నిమిషాలకు పైగా దూరం ఉంది. బీబీసీ వాటిని ఒకే గుక్కలో అన్నట్టు కలిపేసింది. కాపిటల్‌కి నడుద్దాం అన్న వెంటనే ఆయన అసలు అన్నది, మన సెనేటర్లని ఉత్సాహపరుద్దాం అని. అది కత్తెరకి పోయింది. సంస్థకి అంతకుముందు సలహాదారుగా ఉన్న మైకేల్ ప్రెస్కాట్ రాసిన నోట్ 2025 నవంబరులో టెలిగ్రాఫ్‌లో వచ్చేదాకా బయట గొడవే లేదు. వచ్చాక వారం తిరక్కుండానే డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, న్యూస్ విభాగం అధిపతి డెబోరా టర్నెస్ ఇద్దరూ రాజీనామా చేశారు.

ఒకాయన లేబర్ పార్టీలో వామపక్షం మనిషి, ఇంకొకాయన ట్రంప్. ఇద్దరికీ తగిలింది ఒకటే కత్తెర. ఇక్కడ బీబీసీ వాళ్లకి ఒక ఊతపదం ఉంది: రెండు వైపులా తిడుతున్నారంటే మేం మధ్యలో సరిగ్గా ఉన్నట్టే అని. నాకా మాట అస్సలు నచ్చదు. ఇద్దరి విషయంలోనూ తప్పు చేసి ఉండొచ్చు కదా!

మన తెలుగువాళ్ల గ్రూపులో చూడు, బీబీసీ వామపక్షం అని సగం మంది, ప్రభుత్వానికి తొత్తు అని సగం మంది. 2023లో మోదీ మీద డాక్యుమెంటరీ వచ్చి, ఫిబ్రవరిలో ఢిల్లీ, ముంబయి ఆఫీసులకి ఆదాయపన్ను అధికారులు వెళ్లినప్పుడు ఆ గ్రూపులో రాత్రింబగళ్లు కొట్టుకున్నారు. ఆ కార్యక్రమం మొత్తం చూసినవాళ్లు ఎంతమంది అని అడిగాను. ఇద్దరు చేతులెత్తే బొమ్మ పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్లో ఇక్కడ బీబీసీ ఛైర్మన్ రిచర్డ్ షార్ప్ రాజీనామా ప్రకటించాడు. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కి 8 లక్షల పౌండ్ల అప్పు దొరికే వ్యవహారంలో తన పాత్రని నియామకమప్పుడు సరిగ్గా చెప్పలేదని. ఆ సంగతి మా గ్రూపులో ఎవరికీ పట్టలేదు. ఛైర్మన్‌ని ఎంచేది ప్రభుత్వమే అన్నది కదా అసలు చర్చించాల్సింది.

సరే, ఎవరికి రాయాలో చూద్దాం. మన దగ్గర ఏ పేపరు ఏ పార్టీదో టీ కొట్టు దగ్గర ఎవర్నడిగినా చెప్తారు, వాళ్ల ఛానెలూ అదే పాట పాడుతుంది. పేర్లు నేను రాయక్కర్లేదు. ఇక్కడ పేపరుకి ఒక లెక్క, టీవీకి ఒక లెక్క. పేపరు ఏ పార్టీనైనా నెత్తిన పెట్టుకోవచ్చు. 1992లో కన్జర్వేటివ్‌లని గెలిపించింది మేమేనని మొదటి పేజీలో గొప్పలు చెప్పుకున్న 'సన్' పేపరు, 1997కల్లా లేబర్ నాయకుడు బ్లెయిర్ పక్కకి దూకింది. అందులో నేరమేం లేదు. కాబట్టి ఫలానా పేపరు ఫలానా పార్టీకి భజన చేస్తోందని, పేపర్ల మీద ఫిర్యాదులు వినే ఇప్సోకి రాస్తే నీ టైమే దండగ. అంకె తప్పు, అభిప్రాయాన్ని వాస్తవంలా రాశారు అంటే వింటారు. దానికి 4 నెలల గడువు. గార్డియన్, ఫైనాన్షియల్ టైమ్స్ ఇప్సోలో లేవు, వాళ్లకే నేరుగా రాయాలి.

టీవీ, రేడియో వార్తలు మాత్రం 'డ్యూ ఇంపార్షియాలిటీ', అంటే తగిన నిష్పాక్షికత, పాటించి తీరాలి. ఆ 'డ్యూ'లోనే ఉంది కిటుకంతా. ఇద్దరికీ స్టాప్‌వాచ్ పెట్టి చెరి సగం సమయం ఇవ్వమని కాదు, విషయానికి తగ్గట్టు అని. 2017లో మాజీ ఆర్థిక మంత్రి నైజెల్ లాసన్ బీబీసీ రేడియో 4లో వాతావరణ మార్పు గురించి తప్పు మాటలు చెప్తే ఎదురు ప్రశ్న వేయలేదు. రెండో వైపు కూడా వినిపించాలి కదా అన్న సాకు పనిచేయలేదు, బీబీసీ తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. అందుకే "మా వాళ్లకి రెండు నిమిషాలు తక్కువ ఇచ్చారు" అన్న నీ పేరా కొట్టెయ్.

ఐటీవీ, ఛానెల్ 4, స్కై, జీబీ న్యూస్ అయితే ప్రసారమైన 20 పని దినాల్లో, టీవీ, రేడియోల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్‌కి రాయొచ్చు. బీబీసీ అయితే ముందు బీబీసీకే, 30 పని దినాల్లో. మొదటి జవాబు దాదాపు ఎప్పుడూ మేం చేసింది కరెక్టే అనే వస్తుంది. అక్కడే మనవాళ్లు వదిలేస్తారు. నువ్వు వదలకు. రెండోసారి రాయి, నువ్వడిగిన దేనికి జవాబు రాలేదో ఆ ఒక్కదాని గురించే. తర్వాత బీబీసీలోనే ఉన్న ఎగ్జిక్యూటివ్ కంప్లయింట్స్ యూనిట్, ఆ తర్వాతే ఆఫ్‌కామ్. ట్రస్టు 2017లో పోయింది. నెలలు పడుతుంది, ముందే చెప్తున్నా. బీబీసీ కోసం టీవీ లైసెన్సు ఫీజు కడుతున్నాం కదా అని మాత్రం మొదలుపెట్టకు. 2025 ఏప్రిల్లో అది 174.50 పౌండ్లయినప్పుడు నాకూ మండింది, కానీ గ్రాఫ్ తప్పు అనడానికి అది సాక్ష్యం కాదు.

గ్రాఫ్ అన్నాను కదా, నీ మూడో పేజీ అడుగున ఒక మంచి పాయింటు దాక్కుని ఉంది. మిగతాదంతా తీసేసి దాన్నే ఇలా రాయి: "ఫలానా తేదీ, ఫలానా కార్యక్రమం, రాత్రి 10 గంటల 14 నిమిషాలు. తెర మీద చూపిన గ్రాఫ్‌లో ఉద్యోగ వీసాలతోపాటు విద్యార్థి వీసాలూ కలిసి ఉన్నాయి. యాంకర్ దాన్ని 'పని కోసం వచ్చినవాళ్ల సంఖ్య' అన్నారు. ప్రభుత్వ హోమ్ శాఖ (హోమ్ ఆఫీస్) పట్టికలో ఈ రెండూ విడివిడిగా ఉన్నాయి. సవరణ ప్రసారం చేయాలని కోరుతున్నాను." ఆ 14 నేను ఊహించి పెట్టిందే. అసలు నిమిషం నువ్వే చూసి రాయి, ఆన్‌లైన్లోంచి తీసేయకముందే.

యాంకర్ ఇంటిపేరు బట్టి ఆమె కులమూ మతమూ ఊహించి రాసిన వాక్యం మాత్రం నా కంటికి మళ్లీ కనపడకూడదు. గ్రూపులో తిరుగుతున్న ఆ రెడీమేడ్ ఫిర్యాదు కూడా పంపకు.

క్యాలెండర్లో లెక్కపెట్టాను, ఆ కార్యక్రమం చూశానని నువ్వు విడిగా చెప్పిన రోజు నుంచి ఇప్పటికి 11 పని దినాలయ్యాయి. బుధవారంలోగా కొత్తది పంపు, ఒక్క పేజీ. ఛానెల్ పేరు పైన పెద్దక్షరాల్లో రాయి, మీ పెదనాన్న ముందుగా అదే వెతుకుతారు.

మీ పెద్దమ్మ