.223 రైఫిల్‌లో 1:12 ట్విస్ట్ ఉంటే 77 గ్రెయిన్ల బుల్లెట్ వాడవచ్చా?

పాత .223 బోల్ట్ రైఫిల్ కొన్నానని, బ్యారెల్ మీద 1:12 అని ఉందని, గాలికి తక్కువగా పక్కకు జరుగుతాయని విన్న 77 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు చెప్పే చిన్న కొలత) బుల్లెట్లు అందులో వాడవచ్చా అని అడిగారు. వాడవద్దండి. ఆ బ్యారెల్‌లో అవి నిలకడగా ఎగరవు. హ్యూస్టన్ దగ్గరి రేంజ్‌లో ఇలాంటి 1:12 రైఫిల్‌తోనే ఏళ్లుగా కాలుస్తున్నాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

బ్యారెల్ లోపలి మెలి తిరిగిన గాడులు బుల్లెట్‌ను ఎంత త్వరగా తిప్పుతాయో చెప్పేదే ట్విస్ట్. 1:12 అంటే బుల్లెట్ బ్యారెల్‌లో 12 అంగుళాలు సాగేసరికి ఒక చుట్టు తిరుగుతుంది. 1:7 బ్యారెల్‌లో 7 అంగుళాలకే ఆ చుట్టు పూర్తవుతుంది. చాలినంత తిరగని బుల్లెట్ వేగం తగ్గిన బొంగరంలా తూలుతుంది, కాగితానికి అడ్డంగా తగులుతుంది. గుండ్రటి రంధ్రం పడవలసిన చోట పొడుగాటి చీలిక కనిపిస్తే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

అందరూ బరువు గురించే మాట్లాడతారు కానీ చూడవలసింది పొడవు. ఒకే కాలిబర్‌లో (బుల్లెట్ వ్యాసంలో) బరువు పెరగాలంటే బుల్లెట్ పొడవు పెరగాలి కాబట్టి బరువు లెక్క చాలావరకు పనికొస్తుంది. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ల దగ్గర మాత్రం అది మోసం చేస్తుంది. సీసం కన్నా రాగి తేలిక, అందుకని అదే బరువుకు బుల్లెట్ ఇంకా పొడవుగా ఉంటుంది. ఆకుపచ్చ మొనతో వచ్చే 62 గ్రెయిన్ల సైనిక రకం తూటాలూ అంతే. లోపల ఉక్కు ముక్క ఉండటం వల్ల ఆ బుల్లెట్ బరువుకు మించి పొడవు. చవకగా దొరుకుతాయని 1:12 రైఫిళ్లకు వాటిని కొన్నవారి కాగితాల మీద ఈ చీలికలు మా రేంజ్‌లో చూశాను. మీరు వాటి జోలికీ వెళ్లవద్దు.

చేత్తో లెక్క వేసుకోవాలంటే 1879లో జార్జ్ గ్రీన్‌హిల్ అనే ఆంగ్ల గణిత ఆచార్యుడు ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చాలు. బుల్లెట్ వ్యాసాన్ని అదే వ్యాసంతో గుణించి, వచ్చినదాన్ని 150తో గుణించి, బుల్లెట్ పొడవుతో భాగించాలి. ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు కావాలో అదే వస్తుంది. అన్నీ అంగుళాల్లోనే. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటితే 150 బదులు 180 వాడతారు. మామూలు 55 గ్రెయిన్ల బుల్లెట్ పొడవు సుమారు 0.74 అంగుళం, వ్యాసం 0.224. 180తో లెక్కిస్తే జవాబు 12 వస్తుంది, అంటే సరిగ్గా మీ బ్యారెల్. 77 గ్రెయిన్ల మ్యాచ్ (గురి పోటీల) బుల్లెట్ దాదాపు ఒక అంగుళం పొడవు ఉంటుంది. దానికి 150తో ఏడున్నర, 180తో తొమ్మిది వస్తుంది. ఎలా లెక్కించినా 12 దరిదాపుల్లోకి రాదు.

ఈ విషయంలో పెద్ద కంపెనీ కూడా నష్టపోయింది. 1955లో రెమింగ్టన్ తన .244 తూటాను 1:12 ట్విస్ట్‌తో తెచ్చింది. అదే ఏడాది వించెస్టర్ .243ను 1:10తో తెచ్చింది. జింకల వేటకు 100 గ్రెయిన్ల బుల్లెట్ కావాలనుకున్నవారు .243 వైపు వెళ్లిపోయారు. చివరికి 1963లో రెమింగ్టన్ అదే తూటాకు 6 ఎంఎం రెమింగ్టన్ అని పేరు మార్చి, 1:9 బ్యారెల్‌తో మళ్లీ తెచ్చింది. అప్పటికి ఆలస్యమైపోయింది.

గాలి సాంద్రత ప్రభావమూ తక్కువేమీ కాదు. తొలి ఏఆర్-15 రైఫిళ్ల ట్విస్ట్ 1:14. గడ్డకట్టే చలిలో చిక్కటి గాలికి 55 గ్రెయిన్ల బుల్లెట్లు తూలుతున్నాయని దాన్ని 1:12కు మార్చారు. డెన్వర్‌లో ఉండే నా మిత్రుడి 1:9 రైఫిల్ 77 గ్రెయిన్ల బుల్లెట్లను చక్కగా కాలుస్తుంది. సుమారు 1,600 మీటర్ల ఎత్తులో గాలి పలుచన. సముద్ర మట్టానికి దగ్గరలో ఉన్న మా హ్యూస్టన్‌లో ఆ జోడీ అంచు మీదే ఉంటుంది, చలి ఉదయాల్లో మరీను. కాబట్టి వేరే ఊరివారి అనుభవం వింటే ఎత్తూ చలీ కూడా అడగండి.

మీ రైఫిల్‌కు 50 నుంచి 55 గ్రెయిన్లలో అడుగు చదునుగా ఉండే బుల్లెట్లు తీసుకోండి. నా 1:12 రైఫిల్‌కు నచ్చినవి అవే, 300 గజాల లోపు నాకు లోటనిపించలేదు. 77 గ్రెయిన్లే కావాలంటే 1:8 బ్యారెల్ వేయించుకోండి. 1:7 అక్కర్లేదని నా అభిప్రాయం. సెకనుకు 3,200 అడుగుల వేగంతో 1:7లో బుల్లెట్ నిమిషానికి సుమారు 3,29,000 చుట్లు తిరుగుతుంది, పలుచటి తొడుగున్న తేలిక బుల్లెట్లు కొన్ని ఆ తిరుగుడుకు గాల్లోనే ముక్కలవుతాయి.

ఏదీ కొనకముందు ట్విస్ట్ మీరే కొలవండి. పాత రైఫిళ్లకు బ్యారెల్ మార్చి ఉండవచ్చు, ముద్రను నమ్మలేం. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని, బోల్ట్ తీసేసి, పిడి దగ్గర స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్‌కు బిగుతైన గుడ్డ చుట్టి లోపలికి తోయండి. గుడ్డ గాడుల్లో పట్టుకున్నాక రాడ్ మీద ఒక గుర్తు పెట్టండి. ఆ గుర్తు పూర్తి చుట్టు తిరిగి మళ్లీ పైకి వచ్చేసరికి రాడ్ ఎన్ని అంగుళాలు లోపలికి వెళ్లిందో అదే మీ ట్విస్ట్.