కేడెట్ కెప్టెన్ అంటే కెప్టెనేనా?

ప్రశ్న: మా అబ్బాయి నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) ఆరో టర్ములో, అంటే చివరి అర్ధ సంవత్సరంలో, స్క్వాడ్రన్ (కేడెట్ల దళం) కేడెట్ కెప్టెన్ అయ్యాడు. సెలవులకొస్తే మా బావమరిది, సైన్యంలో సుబేదారు (లెఫ్టినెంట్ కంటే కింది హోదా), వాడికి సెల్యూట్ కొట్టాలా?
– ఓ పాఠకుడు, రాజోలు

జవాబు: అక్కర్లేదండీ. అది ర్యాంకు కాదు, అకాడమీ లోపలి బాధ్యత. పొద్దున్నే జూనియర్లను వరసలో నిలబెట్టి లెక్క చూడడం, మాసిన బెల్టు, మెరవని బూటు పట్టుకోవడం, ఇవీ అతని పనులు. స్క్వాడ్రన్‌కు అసలు అధిపతి కమిషన్డ్ ఆఫీసరే (లెఫ్టినెంట్ లేదా ఆపై స్థాయి అధికారి). తప్పు చేస్తే ఆ హోదా ఊడుతుంది కూడా. ఆర్మీ కేడెట్ అయితే పుణె దగ్గరి ఎన్‌డీఏలో 3 ఏళ్లయ్యాక డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీలో ఇంకో ఏడాది శిక్షణ. ఆ తర్వాతే భుజాన 2 నక్షత్రాలు, లెఫ్టినెంట్ హోదా. కెప్టెన్‌కైతే 3. మామయ్య సెల్యూట్ అప్పుడు. అంతవరకూ మేనల్లుడే కాళ్లకు దణ్ణం పెట్టాలి!