సినిమా నేపథ్యం లేని అక్కినేని నాగేశ్వరరావు డెబ్బై ఏళ్లు ఎలా నిలబడగలిగారు?

నా దృష్టిలో అసలు కారణం, తన పరిమితులు ఆయనకు బాగా తెలియడం. కృష్ణా జిల్లా రామాపురంలో రైతుబిడ్డ, చదువు చిన్నప్పుడే ఆగిపోయింది. నాటకాల్లో ఆడవేషాలు వేసేవారు. విజయవాడ రైల్వేస్టేషన్లో నిర్మాత ఘంటసాల బలరామయ్య కంటపడటంతో 1944లో 'శ్రీ సీతారామ జననం'లో రాముడయ్యారు.

పనితనం చూడాలంటే 1953 నాటి 'దేవదాసు' చూడండి. తాగుబోతు పాత్ర అనగానే తూలడం, కేకలేయడం గుర్తొస్తాయి. ఆయన అదేమీ చేయరు. రెప్పలు బరువుగా వాలతాయి, మాట మెల్లగా, తెగి తెగి వస్తుంది. ఆ కళ్ల కోసమే చాలావరకు రాత్రిళ్లు షూటింగ్ పెట్టుకున్నారు. అంటే తెరమీద మనకు కనిపించే ఆ మత్తులో నిజమైన నిద్రలేమి ఉంది. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ కళ్లే గుర్తుండిపోతాయి.

పేరు, డబ్బు వచ్చాక పరిశ్రమ ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో హైదరాబాద్‌కు మారిపోయారు. 1970ల్లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టారు, దానికి భార్య పేరే పెట్టారు. 1990 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం దక్కింది.

ఇక వారసత్వం. కొడుకు నాగార్జున, మనవడు నాగచైతన్యతో కలిసి 'మనం'లో నటిస్తున్న రోజుల్లోనే క్యాన్సర్ బయటపడింది. 2013 అక్టోబరులో ఆ సంగతి ఆయనే విలేఖరులకు చెప్పారు, ఎక్కడా బెంబేలు పడలేదు. తన పాత్రకు డబ్బింగ్ మంచం మీద నుంచే పూర్తిచేశారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. నాలుగు నెలలకు ఆ సినిమా విడుదలైంది.