గోల్ఫ్ కోర్స్ చదువు: మీటింగులకీ పోటీలకీ పంపించాలా?

ప్రశ్న: మేము తెనాలి నుంచి వచ్చి న్యూజెర్సీలో స్థిరపడ్డాం. మా అబ్బాయి పెన్ స్టేట్ యూనివర్సిటీలో టర్ఫ్‌గ్రాస్ సైన్స్ (ఆటస్థలాల్లో, పచ్చికల్లో పెంచే గడ్డి గురించిన చదువు) డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాడు. గోల్ఫ్ కోర్స్ సూపరింటెండెంట్, అంటే కోర్స్‌లో గడ్డి, నేల బాగోగులు చూసే మేనేజర్ అవుతానంటాడు. కంప్యూటర్స్ వద్దన్నప్పుడు బాధపడ్డాం, తర్వాత సరే అనుకున్నాం. ఇప్పుడు కొత్త టెన్షన్ మొదలైంది. క్లాసులు మానుకుని ఓర్లాండోలో కాన్ఫరెన్స్‌కి వెళ్లాలంటాడు, అక్కడ టర్ఫ్ బౌల్ అనే పోటీ ఉందట. ఇవి కాక చాప్టర్ మీటింగులు (సూపరింటెండెంట్ల సంఘం స్థానిక శాఖల సమావేశాలట), మీటింగ్ అయ్యాక గోల్ఫ్, డిన్నర్. వేసవిలో ఒక పెద్ద టోర్నమెంట్‌కి వారం రోజులు వాలంటీర్‌గా వెళ్తాడట, జీతం ఉండదట. మధ్యలో బడిపిల్లలకి గోల్ఫ్ కోర్స్ చూపించే కార్యక్రమం ఒకటి. ఇందులో చదువెంత, షికారెంత? మా వాడు అసలే నలుగురిలో నోరు విప్పే రకం కాదు. మా బంధువులు అడిగితే ఏం చెప్పాలో కూడా తెలియడం లేదు. పంపించమంటారా? (ఒక తల్లి, ఎడిసన్)

జవాబు: పంపించండమ్మా. అన్నిటికీ ఒకేసారి పరిగెత్తక్కర్లేదు, ఏది ముందో ఏది తర్వాతో చెప్తాను. ముందు ఈ ఉద్యోగంలో మీటింగులకి అంత ప్రాధాన్యం ఎందుకో మీకు తెలియాలి. అది తెలిస్తే మీ సగం బెంగ తీరుతుంది.

సాఫ్ట్‌వేర్ కంపెనీలో సందేహం వస్తే పక్క సీట్లో వాళ్లని అడగొచ్చు. గోల్ఫ్ కోర్స్‌కి సూపరింటెండెంట్ ఒక్కరే ఉంటారు. కింద అసిస్టెంట్లు, మెకానిక్, గడ్డి కోసే సిబ్బంది. పైన జనరల్ మేనేజర్, క్లబ్ సభ్యుల గ్రీన్ కమిటీ. తనతో సమానంగా కూర్చుని గడ్డి గురించి మాట్లాడగలిగే మనిషి ఆ ఆవరణలో ఇంకొకరు ఉండరు. జూలైలో ఉక్కపోత రాత్రి పైథియం తెగులు తగులుతుంది. నిన్న సాయంత్రం పచ్చగా ఉన్న గడ్డి తెల్లారేసరికి జిడ్డు పట్టినట్టు నేలకి అతుక్కుపోతుంది, మంచులో చూస్తే దూదిలాంటి బూజు కనిపిస్తుంది. అప్పుడు ఫోన్ చేయాల్సింది పది మైళ్ల అవతల అదే వానలో, అదే వేడిలో అదే గడ్డిని కాపాడుకుంటున్న ఇంకో సూపరింటెండెంట్‌కి. ఉదయం అయిదింటికి మొహమాటం లేకుండా ఫోన్ చేయాలంటే అంతకుముందు ఎక్కడో కలిసి భోంచేసి ఉండాలి. చాప్టర్ మీటింగులు పుట్టిందే ఇందుకు.

ఈ సంప్రదాయం నిన్నమొన్నటిది కాదు. 1926 సెప్టెంబర్ 13న ఓహియో రాష్ట్రం టొలీడో దగ్గర సిల్వేనియా కంట్రీ క్లబ్‌లో 60 మంది గ్రీన్‌కీపర్లు (సూపరింటెండెంట్లకి అప్పటి పేరు) కలిసి ఒక జాతీయ సంఘం పెట్టుకున్నారు. జాన్ మోర్లీ దానికి మొదటి అధ్యక్షుడు. ఇప్పుడు దాని పేరు గోల్ఫ్ కోర్స్ సూపరింటెండెంట్స్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా. ప్రధాన కార్యాలయం కాన్సస్‌లోని లారెన్స్‌లో ఉంది, దేశమంతా స్థానిక చాప్టర్లున్నాయి. క్లబ్బులు సభ్యుల కోసం ఒకదానితో ఒకటి పోటీ పడతాయి, వాటి సూపరింటెండెంట్లు మాత్రం ఏ మందు పనిచేసిందో, ఏది డబ్బు దండగో దాచుకోకుండా చెప్పుకుంటారు. ఇంత ఉదారంగా ఉండే వృత్తులు తక్కువ, మీ అబ్బాయి అదృష్టం అది.

ఇక టర్ఫ్ బౌల్ సంగతి. నా లెక్కలో అన్నిటికన్నా ముందు ఇది. పేరు వింటే ఏదో ఆటలా ఉంటుంది కానీ, ఇది గట్టి పరీక్ష. సంఘం ఏటా చలికాలంలో జరిపే కాన్ఫరెన్స్, ట్రేడ్ షోలో భాగంగా యూనివర్సిటీల జట్లు పోటీ పడతాయి, జట్టుకి నలుగురి దాకా ఉండొచ్చు. గడ్డి రకాలు, విత్తనాలు, కలుపు మొక్కలు, పురుగులు, తెగుళ్లు చూసి గుర్తుపట్టాలి. నేలల గురించి, నీటి గురించి ప్రశ్నలు, లెక్కలు, ఒక కోర్స్ సమస్య ఇచ్చి నువ్వయితే ఏం చేస్తావో రాయమనడం, అన్నీ ఉంటాయి.

లెక్కలు ఎలాంటివో నేనే ఒకటి చెప్తాను. గ్రీన్, అంటే బంతి పడాల్సిన రంధ్రం చుట్టూ బాగా పొట్టిగా కోసిన గడ్డి, 5,000 చదరపు అడుగులు. ప్రతి 1,000 చదరపు అడుగులకి 0.1 పౌండ్ నత్రజని పడాలి. యూరియాలో నత్రజని 46 శాతం. యూరియా ఎంత తూచాలి? మొత్తం అర పౌండ్ నత్రజని కావాలి, దాన్ని 0.46తో భాగిస్తే దాదాపు 1.1 పౌండ్లు. తెనాలి చుట్టుపక్కల వరిచేలో బస్తాల లెక్కన యూరియా చల్లడం చూసి పెరిగినవాళ్లకి ఇది చిటికెడంత అనిపిస్తుంది. మూడు మిల్లీమీటర్ల ఎత్తుకి కోసే గడ్డికి ఆ చిటికెడు ఎక్కువైనా చేటే, తక్కువైనా చేటే. ఈ పోటీకి తయారయ్యే పిల్లవాడు సెమిస్టర్ మొత్తం సిలబస్‌ని ఇంకోసారి, ఈసారి బుర్రకెక్కేలా చదువుతాడు. కాబట్టి ఆ వారం క్లాసులు పోతాయని బాధపడకండి. టర్ఫ్ విభాగంలో ప్రొఫెసర్లే జట్టుని తయారుచేసి తీసుకెళ్తారు గనుక హాజరు గురించి ముందే మాట్లాడుకోవచ్చు. ప్రయాణ ఖర్చులో యూనివర్సిటీ, విద్యార్థుల టర్ఫ్ క్లబ్ ఎంత భరిస్తాయో అడగమనండి. సంఘంలో విద్యార్థి సభ్యత్వం ఇప్పటికే లేకపోతే ఈ వారమే తీసుకోమనండి, స్కాలర్‌షిప్పులకీ అదే దారి.

కాన్ఫరెన్స్‌లో పోటీ అయిపోగానే హోటల్ గదికి వెళ్లి పడుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. అక్కడ రోజంతా సెమినార్లుంటాయి. ట్రేడ్ షో హాల్లో కోత యంత్రాలు, స్ప్రేయర్లు, తేమ కొలిచే మీటర్లు చేత్తో పట్టుకుని చూడొచ్చు. ఇంటర్న్‌ల కోసం, అసిస్టెంట్ల కోసం వెతికే సూపరింటెండెంట్లు అక్కడే తిరుగుతుంటారు. ఈ రంగంలో ఎన్నో ఉద్యోగాలు ప్రకటన కన్నా ముందు నోటిమాటగా తిరుగుతాయి. "మా దగ్గర అసిస్టెంట్ వెళ్లిపోతున్నాడు, మంచి కుర్రాడుంటే చెప్పు" అనే మాట కాఫీ దగ్గర వినిపిస్తుంది, ఆన్‌లైన్‌లో వినిపించదు.

నలుగురిలో మాట్లాడడన్నారు. అలాంటి పిల్లలకి ఈ వృత్తిలో గోల్ఫ్ రౌండే మేలు చేస్తుందని నా నమ్మకం. పార్టీలో ముప్ఫై మంది మధ్య నిలబడి తనను తాను పరిచయం చేసుకోవడం కష్టం. గోల్ఫ్‌లో నలుగురు కలిసి నాలుగు గంటలు నడుస్తారు. మాట్లాడాలని ఎవరూ బలవంతం చేయరు, మాట దానంతట అదే వస్తుంది, అదీ కాళ్ల కింద ఉన్న గడ్డి గురించే. పైగా ప్రతిసారీ వేరే వాళ్ల కోర్స్. ఇక్కడ బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, ఏ ఇసుక వాడారు, నీడలో ఉన్న ఆ గ్రీన్‌ని ఎలా బతికించారు అని కళ్లతో చూస్తాడు. సూపరింటెండెంట్లకి జాతీయ స్థాయిలో వాళ్ల సొంత గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ కూడా ఉంది, కాన్ఫరెన్స్‌కి ముందు ఆడతారు. మీ వాడు అందులో గెలవక్కర్లేదు. ఆట మర్యాద తెలిసి, పక్కవాళ్లని ఆలస్యం చేయకుండా ఆడగలిగితే చాలు. పరిచయమైన వాళ్లకి రెండు రోజుల్లో ఒక చిన్న ఈమెయిల్ రాసే అలవాటు చేసుకోమనండి. మాట్లాడటానికి బిడియపడే పిల్లలు రాయడంలో ముందుంటారు.

చాప్టర్ మీటింగుల్లో ఇంకో లాభం ఉంది. పురుగుమందులు చల్లడానికి లైసెన్స్ కావాలి, దాన్ని నిలుపుకోవాలంటే క్రెడిట్లు కావాలి. చాలా మీటింగుల్లో ప్రసంగానికి ఆ క్రెడిట్లు ఇస్తారు. ఉద్యోగంలో చేరాక ఎలాగూ వెళ్లక తప్పదు, ఇప్పటి నుంచే వెళ్తే ముఖాలు పరిచయమవుతాయి. మీకు దగ్గర్లోనే రట్గర్స్ యూనివర్సిటీ వేసవిలో టర్ఫ్ ఫీల్డ్ డేలు జరుపుతుంది, డిసెంబర్‌లో అట్లాంటిక్ సిటీలో గ్రీన్ ఎక్స్‌పో ఉంటుంది. వీటికి విమాన ఖర్చు లేదు, సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు వెళ్లిరావచ్చు.

జీతం లేని ఆ టోర్నమెంట్ వారం గురించి మీకు ఎక్కువ కోపంగా ఉన్నట్టుంది. పెద్ద ఛాంపియన్‌షిప్ జరిగే వారం ఆ కోర్స్ సొంత సిబ్బంది సరిపోరు. దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి కూడా సూపరింటెండెంట్లు, అసిస్టెంట్లు, విద్యార్థులు సాయానికి వస్తారు. సాధారణంగా భోజనం, బస ఆ క్లబ్బే చూసుకుంటుంది, అయినా ముందే రాతపూర్వకంగా అడగడం మంచిది. తెల్లవారుజామున నాలుగింటికే పని మొదలు. ఆటగాళ్లు రాకముందే గ్రీన్లు కోయాలి, బంకర్లలో ఇసుక చదును చేయాలి, మంచు దులపాలి. సాయంత్రం ఆట అయ్యాక మళ్లీ రెండో విడత.

మీ అబ్బాయికి స్టింప్‌మీటర్ పని దొరికితే అదృష్టమే. మూడడుగుల అల్యూమినియం పట్టీ, దాని మీద బంతి నిలవడానికి ఒక గాడి. సమతలంగా ఉన్న చోట పట్టీని మెల్లగా పైకెత్తితే ఒక కోణం రాగానే బంతి దానంతట అదే జారుతుంది. ఒక దిక్కుకి మూడు బంతులు, అదే దారిలో వెనక్కి మూడు బంతులు. ఎన్ని అడుగులు దొర్లాయో సగటు తీస్తే అది గ్రీన్ వేగం. ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో కనిపెట్టిన పరికరం ఇది, దీని మీద వచ్చే అంకె కోసం ఇన్ని వందల చేతులు పనిచేస్తాయి. ఒత్తిడిలో ఒక కోర్స్ ఎలా నడుస్తుందో క్లాస్‌రూమ్‌లో చూపించడం ఎవరి వల్లా కాదు. రెజ్యుమేలో ఆ ఒక్క వారం ఉంటే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ముందు దాని గురించే అడుగుతారు. ఒక్క షరతు: జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌ని దీనికోసం వదులుకోవద్దు. ఇంటర్న్‌షిప్‌లో ఉన్నప్పుడే బాస్‌ని అడిగి వారం సెలవు తీసుకుని వెళ్లమనండి, చాలామంది సంతోషంగా పంపిస్తారు.

బడిపిల్లల కార్యక్రమాన్ని మీరు తేలిగ్గా తీసుకున్నారు గానీ, నాకు దాని మీద ప్రత్యేకమైన అభిమానం. ఫస్ట్ గ్రీన్ అంటారు దాన్ని. 1997లో వాషింగ్టన్ రాష్ట్రంలో మొదలైంది, 2018 నుంచి జాతీయ సంఘమే నడుపుతోంది. బడి నుంచి పిల్లల్ని గోల్ఫ్ కోర్స్‌కి తీసుకొచ్చి సైన్సు, లెక్కలు చేతులతో చేయిస్తారు. చెరువు నీళ్లు పరీక్షిస్తారు, నేల నమూనా తీసి ఇసుకెంత బంకమట్టెంత చూస్తారు, వంకర టింకరగా ఉన్న గ్రీన్ వైశాల్యం లెక్కగడతారు. అయిదో తరగతి పిల్లకి నత్రజని అంటే ఏంటో అర్థమయ్యేలా చెప్పగలిగినవాడు రేపు గ్రీన్ కమిటీ ముందు బడ్జెట్ అడగగలడు. బిడియం పోగొట్టడానికి పిల్లల ముందు నిలబడటాన్ని మించిన మందు నాకు తెలియదు. గోల్ఫ్ కోర్సులు నీళ్లు తాగేస్తాయని, మందులు పోస్తాయని ఊళ్లో జనానికి అనుమానాలుంటాయి, వాటిలో కొన్ని న్యాయమైనవే. వాటికి ఓపిగ్గా, నిజాయితీగా జవాబు చెప్పడం ఈ ఉద్యోగంలో పెద్ద భాగం. అందుకే ఏటా వాషింగ్టన్ డీసీలో నేషనల్ గోల్ఫ్ డే సందర్భంగా సూపరింటెండెంట్లు చట్టసభ సభ్యుల్ని కలుస్తారు, నేషనల్ మాల్‌లో గడ్డి బాగుచేసే సేవ కూడా చేస్తారు.

డిన్నర్లలో మద్యం ఉంటుందా అని మీరు అడగలేదు గానీ, తల్లిగా అనుకునే ఉంటారు. ఉంటుంది. 21 నిండనివాళ్లకి చట్టం ఒప్పుకోదు. నిండినా, ఉద్యోగమిచ్చేవాళ్ల ముందు గ్లాసు పట్టుకోకపోతే ఎవరూ తక్కువగా చూడరు. అది సూటిగా మాట్లాడండి, దానికోసం మీటింగే మాన్పించొద్దు.

బంధువులకి ఏం చెప్పాలన్నారు. వందెకరాలకి పైగా నేల, నీళ్లు, మందులు, యంత్రాలు, సిబ్బంది, పెద్ద బడ్జెట్ చూసుకునే మేనేజర్ అని చెప్పండి, అది ఉన్న నిజమే. సంఘం వేసిన జీతాల సర్వేలో 2023 నాటికి సూపరింటెండెంట్ల సగటు మూలవేతనం లక్ష డాలర్లు దాటింది. అయితే అసిస్టెంట్‌గా ఉండే మొదటి ఏళ్లలో అంత రాదు, వేసవిలో శని ఆదివారాలు ఉండవు. ఆ కష్టాన్ని దాచి ఒప్పించడం నాకిష్టం లేదు. ఇంకో సంగతి. మీ అబ్బాయి యూనివర్సిటీలో టర్ఫ్ పరిశోధన కేంద్రానికి జోసెఫ్ వాలెంటైన్ పేరుంది. ఆయన ఇటలీ నుంచి వలస వచ్చి, ఫిలడెల్ఫియా దగ్గర మెరియన్ గోల్ఫ్ క్లబ్‌లో దశాబ్దాలపాటు సూపరింటెండెంట్‌గా చేశారు. అక్కడి 17వ హోల్ దగ్గర మిగతా గడ్డికన్నా బాగున్న ఒక చిన్న మచ్చని ఆయన కన్ను పట్టుకుంది. అదే తర్వాత మెరియన్ కెంటకీ బ్లూగ్రాస్‌గా దేశమంతా పరుచుకుంది.

తెలుగు రాష్ట్రాల్లో హార్టికల్చర్, అగ్రికల్చర్ బీఎస్సీ చదివే పిల్లలు కూడా ఇలాంటి ప్రశ్నలు పంపుతుంటారు, వాళ్లకీ ఇక్కడే ఒక మాట. హైదరాబాద్‌లో గోల్కొండ కోట పక్కనున్న హైదరాబాద్ గోల్ఫ్ క్లబ్, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్, విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ మీకు అందుబాటులో ఉన్నాయి. ఆడటానికి సభ్యత్వం కావాలేమో గానీ, సూపరింటెండెంట్‌కి మర్యాదగా ఉత్తరం రాసి సెలవుల్లో పని నేర్పమని అడగడానికి అక్కర్లేదు. మనకి పూజకి పనికొచ్చే గరికే వెచ్చని దేశాల గోల్ఫ్ కోర్సుల్లో ప్రధానమైన గడ్డి, దాని సంకర రకాలే గ్రీన్ల మీద ఉంటాయి. మీకు ముందే సగం పరిచయం ఉన్నట్టే.

చివరగా డబ్బు సంగతమ్మా. అన్నీ ఒకే ఏడాది కుదరకపోతే ఈ చలికాలం టర్ఫ్ బౌల్, కాన్ఫరెన్స్‌కి పంపండి. ఫస్ట్ గ్రీన్‌కి, దగ్గర్లోని చాప్టర్ మీటింగులకి పెద్ద ఖర్చుండదు గనుక వాటిని ఆపొద్దు. టోర్నమెంట్ వారం వచ్చే ఏడాదికి వాయిదా వేసినా నష్టం లేదు. మీటింగ్ తేదీ మిడ్‌టర్మ్‌తో కలిస్తే పరీక్షే ముందు. కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్, హోటల్ తొందరగా చేసుకుంటే చవక, గది నలుగురు జట్టువాళ్లూ పంచుకోవచ్చు. టికెట్ బుక్ చేసేముందు జట్టు పేర్లు ఖరారయ్యాయో లేదో ప్రొఫెసర్‌ని ఒకసారి కనుక్కోమనండి.