సమాధుల పండుగకి రాస్తున్న నీకు

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చనిపోయినవాళ్లని తలుచుకునే నవంబరు 2 సమాధుల పండుగకి, మఠంలో ఉండి పోయిన సిస్టర్ల గురించి మీ విచారణ (చర్చి) పత్రికకి రాయమని ఫాదర్ గారు నిన్ను అడగడం నాకు చాలా సంతోషం. కానీ ఉన్నమాట చెప్తాను. సేవామూర్తి, త్యాగమయి, కొవ్వొత్తిలా కరిగిపోయారు, ఇలాంటివి పదకొండు చోట్ల కనిపించాయి గానీ సిస్టర్ మాత్రం ఎక్కడా కనపడలేదు.

ఈ తప్పు నేనూ చేశాను. ముప్ఫై ఏళ్ల కిందట ఒక నర్సు సిస్టర్ పోయినప్పుడు నాలుగు పేజీల నివాళి రాసి, ఆవిడ దగ్గర పనిచేసిన ఆయాకి చదివి వినిపించాను. అంతా విని, "బాగుందమ్మా, ఇంతకీ ఇది ఏ సిస్టరమ్మ గురించి?" అని అడిగింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి, సిస్టర్ ఎలా ఉండేవారో నువ్వే చెప్పమన్నాను. ఆయా తన పమిట చెంగు మోకాలి మీద పరుచుకుని, బొటనవేళ్లతో నొక్కుతూ కొస నుంచి బిగుతుగా చుట్టి చూపించింది. ఉతికి ఆరేసిన కట్టుగుడ్డల్ని సిస్టర్ రాత్రి ప్రార్థన అయ్యాక ఒక్కరే కూర్చుని అలా చుట్టేవారట, ఎవరైనా వదులుగా చుడితే ఏమీ అనకుండా విప్పి మళ్లీ చుట్టేవారట. నా నాలుగు పేజీల్లో ఆ చేతులు లేవు.

గుంటూరు డాక్టరమ్మ మేరీ గ్లోరీ గారికి నువ్వు రెండే లైన్లు ఇచ్చావు. ఆవిడ ఏం వదులుకుని వచ్చారో చెప్పు, ఇక త్యాగం అన్న మాట రాయక్కర్లేదు. 1910లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ యూనివర్సిటీలో డాక్టరు చదువు పూర్తిచేసి, ఆ ఊళ్లో పేరున్న కాలిన్స్ స్ట్రీట్‌లో సొంత ప్రాక్టీసు పెట్టుకున్న మనిషి. 1915లో ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే డాక్టరు గురించి ఒక చిన్న పుస్తకం చేతికొచ్చింది. మగ డాక్టరుకి చూపించుకోలేక ఇక్కడ ఆడవాళ్లు, పసివాళ్లు చనిపోతున్నారని అందులో చదివాక ఆవిడ దారే మారిపోయింది. 1919లో ఎండీ కూడా తెచ్చుకుని, 1920 ఫిబ్రవరిలో, ముప్ఫై రెండేళ్ల వయసులో గుంటూరు వచ్చి, డచ్చి సిస్టర్ల జేఎంజే (జీసస్ మేరీ జోసెఫ్) మఠసభలో చేరారు. మళ్లీ ఆస్ట్రేలియా మొహం చూడలేదు. ఇంకో సంగతి, అప్పట్లో మఠకన్యలు డాక్టరు పని చెయ్యడానికి చర్చి చట్టం ఒప్పుకునేది కాదు, పోపు గారే ప్రత్యేకంగా అనుమతి ఇవ్వాల్సొచ్చింది. దీన్ని నువ్వు వదిలేశావు, నేనైతే అక్కడే మొదలుపెడతాను. చిన్న డిస్పెన్సరీ సెయింట్ జోసెఫ్స్ ఆసుపత్రిగా పెరగడం, ఊళ్లో ఆడపిల్లలకి మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పడం, 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులన్నిటికీ ఒక సంఘం పెట్టడం, ఇవన్నీ ఆ వెనకే వస్తాయి. 1957 మే 5న బెంగళూరులో కన్నుమూశారు. 2013లో దైవసేవకురాలిగా ప్రకటించారు, పునీతురాలయ్యే దారిలో అది మొదటి మెట్టు.

అయితే ఆవిడ గురించి కాగితాలు దొరుకుతాయి. బోర్డింగులో వంద మంది పిల్లల తలలు దువ్విన సిస్టర్‌కి, వంటింటి సిస్టర్‌కి, కుట్టు నేర్పిన సిస్టర్‌కి ఏ కాగితాలున్నాయి? చెప్పుకోవడానికి పిల్లలు కూడా లేరు, అన్నదమ్ముల బిడ్డలు ఏ కేరళలోనో ఉంటారు. సమాధి రాయి మీద పేరు, మూడు తేదీలు ఉంటాయి, పుట్టింది, మఠకన్యగా ఉంటానని దేవుడికి మాటపట్టు ఇచ్చింది, పోయింది. నువ్వు మధ్య తేదీని రాసుకోలేదు. అది చాలా ముఖ్యం, సుమారు ఏ వయసులో ఇల్లు వదిలారో ఆ లెక్క దాంట్లోనే తెలుస్తుంది. రాయి మీది పేరు అమ్మానాన్నలు పెట్టింది కాకపోవచ్చు, మఠంలో అడిగి తెలుసుకో. గ్లోరీ గారినే సిస్టర్ మేరీ ఆఫ్ ది సేక్రెడ్ హార్ట్ అనేవారు.

కోపాలూ రాయి. స్కేలుతో కొట్టిన సిస్టర్ గురించి కొట్టారనే రాయి. జ్వరమొచ్చిన రాత్రి ఆవిడే పక్కన కూర్చున్నారని ఆ పిల్లలే చెప్తే, అదీ రాయి. చెప్పకపోతే కల్పించకు.

మీ బోర్డింగులో వంట చేసిన పెద్దావిడ ఇంకా ఉన్నారన్నావు కదా, ముందు ఆవిడ దగ్గరికి వెళ్లు. ఫోన్ బయటికి తియ్యకు, రికార్డు చేస్తున్నావంటే టెన్షన్ పడి ప్రసంగంలా మాట్లాడతారు. బియ్యం ఏరుకుంటుంటే పక్కన కూర్చుని నువ్వూ ఏరు. నవంబరు 2కి ఇంకా పన్నెండు రోజులుంది. రాశాక నాకు పంపే ముందు ఆవిడకి చదివి వినిపించు, ఏ సిస్టరో చెప్పగలిగారేమో నాకు రాయి.

మీ అత్తమ్మ