తండా బడికి వెళ్తున్న మేనకోడలికి

చిరంజీవి అయిన మా మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

డీఎస్సీలో నీకు ఎస్‌జీటీ ఉద్యోగం వచ్చిందనీ, మర్రిగూడ మండలంలో ఒక తండా బడికి వేశారనీ మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషం పట్టలేక వాడకట్టులో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. ఐదు తరగతులకూ నీవొక్కదానివే టీచరువని తెలిసిన తరువాత మాత్రం రాత్రి కన్ను మూతపడలేదు.

హాజరుపట్టీ, మధ్యాహ్న భోజనం లెక్కలు ఏ రోజువి ఆ రోజే రాసుకో. బస్సును నమ్ముకుని బడి వేళ తప్పకు. ఇవి నీకు తెలిసినవే.

అసలు చెప్పవలసింది నోటుపుస్తకాల సంగతి. దేవరకొండ వైపు నేను పనిచేసిన ఒక బడిలో నాకంటే ముందునుంచీ ఒక మాస్టారు ఉండేవారు. మంచి మనిషి, సెలవు పెట్టి ఎరుగరు. కానీ సిలబస్ పూర్తయితే చదువు పూర్తయినట్టేనని ఆయన నమ్మకం. పాఠం చివర ఉన్న ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద రాసేవారు, పిల్లలు చూసి దించుకునేవారు. తెలుగైనా, లెక్కలైనా, పరిసరాల విజ్ఞానమైనా అదే పద్ధతి. తనిఖీకి వచ్చినవారు ఆ పుస్తకాలు తిరగేసి మెచ్చుకుని వెళ్లేవారు. ఒకనాడు నాలుగో తరగతి పిల్లవాడి పుస్తకం తీసి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. చదవమంటే చేతులు కట్టుకుని, కిటికీ వైపు చూస్తూ జవాబంతా గడగడా అప్పజెప్పాడు. వేలు పెట్టి చదవమన్నాను. నోరు జవాబు చివరికి చేరింది, వేలు రెండో వరుస దాటలేదు. ఆ జవాబులోనిదే ‘చెరువు’ అన్న మాటను పలక మీద విడిగా రాసి చూపిస్తే తల దించుకున్నాడు. వాడికి తెలివి లేక కాదు, సంతలో మేకల బేరం కుదిరితే తండ్రికంటే ముందే మొత్తం లెక్కగట్టి చెప్పేవాడు. ఆరో తరగతికి హైస్కూలుకు పోయిన తరువాత, అక్కడ లేపి చదవమన్నప్పుడల్లా నలుగురిలో నవ్వులపాలై, దసరా సెలవులకు ఇంటికొచ్చినవాడు మళ్లీ బడి మొహం చూడలేదు. కొట్టివేతలు లేని పుస్తకం కనబడితే నాకు ఇప్పటికీ గుండె దడే.

ఇప్పుడు మీ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లకు రెండూ కొత్తవే. ఒకటో తరగతి వాళ్లను మొదట్లో వాళ్ల మాటలోనే మాట్లాడనివ్వు. అర్థం కాకపోతే ఐదో తరగతి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని అడుగు, అందులో చిన్నతనమేమీ లేదు.

లెక్కల్లో, మూడు వందల నాలుగు రాయమంటే 3004 అని రాసేవాళ్లు సగం మంది ఉంటారు. నీకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది, అక్కడ మాత్రం చెయ్యెత్తకు. విన్నది విన్నట్టే రాస్తున్నారు పాపం. చీపురుపుల్లలు పదేసి కట్టలు, ఆ కట్టలు పదేసి కలిపి మోపులు కట్టించు. మూడు మోపులు, నాలుగు విడిపుల్లలు ముందు పెట్టి, విడి కట్టలు ఒక్కటీ లేవని వాళ్లచేతనే చెప్పించు. సున్న ఎక్కడ కూర్చోవాలో తెలిసిపోతుంది.

నీళ్ల పాఠం అక్కడ పుస్తకంలో కంటే ఊళ్లోనే ఎక్కువ ఉంది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడుతో నడుములు వంగిన పెద్దలు ఇంకా ఉన్నారు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న మాటలో లెక్కలూ సైన్సూ రెండూ ఉన్నాయి. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి మన నల్లగొండ పేరే పెట్టారని చెప్పు. తాతలను అడిగి రమ్మంటే సాంఘికశాస్త్రం, విన్నది సొంతంగా రాయమంటే తెలుగు అవుతుంది. ఒక్కటి గుర్తుంచుకో బిడ్డా: ఫ్లోరైడు వల్ల పళ్ల మీద గోధుమరంగు మచ్చలున్న పిల్లను నిలబెట్టి అందరికీ చూపించకు. అట్లా ఒక్కసారి చేస్తే ఆ పిల్ల ఏడాదంతా నోరు విప్పదు.

మిషన్ భగీరథ నల్లా వచ్చినా, బడిలో తాగేవి ఆ నీళ్లా బోరు నీళ్లా అని చేరిన రోజే కనుక్కో. నీవూ ఇంటినుంచి నీళ్ల సీసా తెచ్చుకోవడం మరచిపోకు, మీ అమ్మ నన్ను చంపుతుంది.

బడి కుదుటపడ్డాక, పిల్లలు బోర్డు చూడకుండా సొంతంగా రాసిన కాగితాలు నాలుగైదు నాకు పంపు. ఎర్ర సిరాతో దిద్దకుండా, తప్పులు తప్పులుగానే పంపు.

ఆశీస్సులతో,
నీ మామయ్య