శుక్రకణ ప్రోటీన్ల గురించి రాయబోయే యువ రచయితకు

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

సముద్రపు ఆల్చిప్పల్లో ప్రత్యుత్పత్తి వివిక్తత గురించి, అంటే రెండు జాతులు కలిసి సంతతిని కనకుండా వేరుగా నిలవడం గురించి, నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విషయం మీద నీకున్న మక్కువ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. అయితే "ఈ ప్రోటీన్ వల్లనే రెండు జాతులు కలవడం లేదు" అన్న మొదటి వాక్యాన్ని మాత్రం తీసేయక తప్పదు, ఎందుకంటే ఆధారాలు అంతదూరం వెళ్లడం లేదు.

నువ్వు రాసిన మైటిలస్ అనే ప్రజాతి ఆల్చిప్పలు జతకట్టవు. ఆడవి అండాలను, మగవి శుక్రకణాలను నేరుగా నీటిలోకి వదిలేస్తాయి కాబట్టి, రెండు జాతులు ఒకే రాయిని పట్టుకుని బతికే చోట పరాయి శుక్రకణం అండాన్ని చేరడం మామూలే. అప్పుడు శుక్రకణం కొనలో ఉన్న ఏక్రోసోమ్ అనే చిన్న సంచి విచ్చుకుంటుంది, అందులోని లైసిన్, అంటే నువ్వు చెప్పిన ఆ ప్రోటీన్, అండం చుట్టూ ఉన్న పొరలో దారి చేస్తుంది. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన ఈ ఘట్టానికి ఒక పేజీ ఇచ్చినా ఎక్కువ కాదు. అబలోన్ నత్తల్లో ఇది మరింత స్పష్టంగా తెలిసింది: వాటి లైసిన్ పొరను ఎంజైములా కత్తిరించదు, వెర్ల్ అనే గ్రాహకానికి అతుక్కుని పోగులను విడదీస్తుంది, పరజాతి అండం మీద అంత బాగా పనిచేయదు. ఆ "అంత బాగా" అన్న మాటే ముఖ్యం. అందుకే నీ తాళం, తాళంచెవి పోలిక నాకు నచ్చలేదు. తాళం తెరుచుకుంటుంది, లేదా తెరుచుకోదు. ఇక్కడున్నది హెచ్చుతగ్గుల వ్యవహారం.

2003లో సింథియా రిజినోస్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు మూడు మైటిలస్ జాతుల్లో ఎం7 లైసిన్ అనే శుక్రకణ ప్రోటీన్ జన్యువును పోల్చి, దాని మీద అనుకూల వరణం (మేలు చేసే మార్పులను ప్రకృతి ఎంచుకుని నిలపడం) పనిచేసిన ఆనవాళ్లు చూపించారు. ప్రోటీన్ మారడానికి వరణం తోడైందని దీని అర్థం. ఆ మార్పే సంకరాన్ని, అంటే రెండు జాతుల కలయికను, ఆపిందనడం మరో మాట, దానికి వేరే రుజువు కావాలి. ఒకటికి మించి శుక్రకణాలు చొరబడితే అండం పాడవుతుంది కనుక, ఆ ఒత్తిడి వల్ల కూడా ఇలాంటి ప్రోటీన్లు మారి ఉండవచ్చునన్న వాదన ఉంది. దాన్నీ పాఠకుడి ముందు పెట్టు.

అన్నిటికన్నా బలమైన ఉదాహరణను నువ్వు చివర్లో దాచేశావు. మైటిలస్‌లోని ఎడులిస్, ట్రోసులస్ అనే రెండు జాతులు కెనడా తూర్పు తీరంలో పక్కపక్కనే ఉంటూ కూడా చాలావరకు వేరుగానే నిలిచాయి. బాల్టిక్ సముద్రంలో మాత్రం అవే రెండూ విపరీతంగా కలిసిపోయాయి. ప్రోటీన్ ఒక్కటే సమాధానమైతే ఈ తేడా రాకూడదు. అండాలు వదిలే కాలం, నీటి ఉప్పదనం, సంకర సంతతి బతికే తీరు అన్నీ లెక్కలోకి వస్తాయి. వ్యాసాన్ని ఇక్కడి నుంచే మొదలుపెట్టమని నా సలహా.

మన రేవులో రాళ్లకూ స్తంభాలకూ దారాలతో అంటుకుని ఉండే పచ్చ ఆల్చిప్ప పెర్నా విరిడిస్, మైటిలస్ కాదు. ఒకటి విప్పి చూడు: పక్వానికి వచ్చిన మగదాని లోపలి కండ మీగడ రంగులో, ఆడదానిది నారింజ ఎరుపులో ఉంటుంది. ఆ వర్ణన తెలుగు పాఠకుడికి అండాన్నీ శుక్రకణాన్నీ కళ్లకు కట్టిస్తుంది, తప్పకుండా వాడు. అట్లాంటిక్ ఆల్చిప్పల్లో తేలిన ఫలితాలను మాత్రం దీనికి అంటగట్టకు. మైటిలస్ గురించిన పేరాలోనూ, పచ్చ ఆల్చిప్ప గురించిన పేరాలోనూ ఏ జీవి గురించి చెబుతున్నావో పేరు పెట్టి రాయి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి